కరెంటు పికప్‌తో పెళ్లి సామాను రవాణా: డల్లాస్ నుంచి ప్రాజెక్టు డైరీ

జనవరి

పెళ్లి మండపాలు, స్టేజీ సామాను, కుర్చీలు, బల్లలు అద్దెకిచ్చే పని మాది. ఉండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. పని ఎక్కువగా ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ చుట్టూనే ఉంటుంది, సీజన్లో మాత్రం ఆస్టిన్, హ్యూస్టన్ వైపు కూడా వెళ్తాం, ఎప్పుడైనా ఓక్లహోమా. ఇన్నాళ్లూ ఒక పాత పెట్రోలు పికప్ ట్రక్కు, ఫోర్డ్ ఎఫ్-150, ఈ సామానంతా లాగింది, ఇప్పుడు దాని ట్రాన్స్‌మిషన్ చివరి దశకొచ్చింది. దాని బదులు అదే బండి కరెంటు రకం, 2023 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం.

కొనేముందు నేను, మా బావమరిది అందరినీ అడిగాం. కరెంటు బండి బరువు లాగదని కొందరు, పెట్రోలు బండికన్నా బాగా లాగుతుందని కొందరు. లాగడం గురించి నాకు మొదట్నుంచీ అనుమానం లేదు, 775 పౌండ్-ఫుట్ టార్క్, అంటే చక్రాలు తిప్పే బలం, కాలు పెట్టగానే వస్తుంది, గేర్లు వెతుక్కునే పని లేదు. నాకు తేలాల్సిన లెక్క వేరు. ట్రైలర్ తగిలించాక ఎంత దూరం వెళ్తుంది, ఎక్కడ ఆగాలి, ఎంత ఖర్చవుతుంది, ముహూర్తానికి ముందు సామాను దింపగలమా లేదా. ఈ డైరీ అందుకే.

కొనాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట. లైట్నింగ్ అని పేరుంటే చాలదు. పెద్ద బ్యాటరీ, ఎక్కువ బరువు లాగడానికి కంపెనీ అదనంగా ఇచ్చే మాక్స్ ట్రైలర్ టో ప్యాకేజీ రెండూ ఉంటేనే 10,000 పౌండ్లు, అంటే దాదాపు 4,500 కిలోలు లాగొచ్చు. పెద్ద బ్యాటరీ ఉండి ప్యాకేజీ లేకపోతే 7,700 పౌండ్లే. చిన్న బ్యాటరీకి ప్యాకేజీ కూడా లేకపోతే 5,000. బయటికి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, అమ్మేవాళ్లకి కూడా చాలాసార్లు తెలియదు. విన్ నంబరుతో, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు నంబరుతో, కొత్తప్పుడు అద్దం మీద అంటించిన వివరాల చీటీ, విండో స్టిక్కర్, తెప్పించుకుని, ప్యాకేజీ పేరు కళ్లతో చూశాకే అడ్వాన్స్ ఇచ్చాం.

జనవరి చివర

ట్రైలర్ వివరాలు రాసి పెడుతున్నాను, ముందు ముందు అన్నీ దీని మీదే ఆధారపడతాయి. పదహారడుగుల మూసిన కార్గో ట్రైలర్, రెండు యాక్సిళ్లు, మొత్తం 7,000 పౌండ్ల వరకు అనుమతి. మండపం స్తంభాలు, పైకప్పు ఫ్రేములు, బ్యాక్‌డ్రాప్ గుడ్డలు, వధూవరుల సోఫా, కార్పెట్లు, లైట్ల పెట్టెలు అన్నీ ఎక్కిస్తే 5,500 దాటుతుంది.

మొదటి లోడుతో హైవే పక్కనున్న క్యాట్ స్కేలు మీదికి వెళ్లాం. లారీలు తూచుకునే కాటా అది, పికప్పులూ తూస్తారు. ట్రక్కు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్, మూడూ విడివిడిగా చీటీ మీద వస్తాయి. ట్రైలర్ విప్పేసి ట్రక్కు ఒక్కటే ఇంకోసారి తూస్తే, ట్రైలర్ మూతి ట్రక్కు మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, తేలుతుంది. మాది 700 పౌండ్ల పైచిలుకు వచ్చింది. మొత్తంలో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలంటారు కాబట్టి అది సరైనదే. కానీ ఈ బండి మామూలు హిచ్, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం, మీద 500 పౌండ్ల టంగ్ వెయిట్, 5,000 పౌండ్ల ట్రైలర్ వరకే ఒప్పుకుంటుంది. అంతకు మించితే ఆ బరువుని స్ప్రింగ్ బార్లతో ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి, అప్పుడు 1,000, 10,000 వరకు వెళ్లొచ్చు. హిచ్ కింద అంటించిన స్టిక్కరు మీద ఇది స్పష్టంగా రాసి ఉంటుంది, వంగి చూసేవాళ్లే తక్కువ.

ఇక పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు. డ్రైవరు తలుపు దగ్గర పసుపు స్టిక్కరు మీద ఉండే అంకె. మా బండిది 1,700 పౌండ్లకి కాస్త అటూ ఇటూ. అందులోంచి టంగ్ వెయిట్ 700, మేమిద్దరం 350, హిచ్ సామాను ఒక 90 తీసేస్తే 560 మిగిలింది. వెనక బెడ్‌లో ఖాళీ ఉంది కదా అని వంద కుర్చీలు పేర్చే అలవాటు పాత బండితోనే పోవాలి. ఒక్కో మడత కుర్చీ ఏడెనిమిది పౌండ్లు, వంద కుర్చీలంటేనే లెక్క దాటిపోతుంది. బ్యాటరీ బరువు వల్ల ట్రక్కే ఆరున్నర వేల పౌండ్లు ఉంటుంది, అందుకే మోసే బరువులో కోత. 10,000 పౌండ్లు లాగగలదని పెద్ద అక్షరాల్లో వేస్తారు, పని చేసుకునేవాళ్లకి ముందు అడ్డొచ్చేది ఈ పసుపు స్టిక్కరు.

ఫిబ్రవరి

ఊళ్లో పనులకి వాడటం మొదలుపెట్టాం. ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర ఒక ఉపనయనం, ప్లేనోలో నిశ్చితార్థం, ఇర్వింగ్‌లో షష్టిపూర్తి. సామాను ఎక్కించడం, పాతిక ముప్పై మైళ్లు వెళ్లి దింపడం, రాత్రికి మళ్లీ ఎక్కించుకుని రావడం. ఈ పనికి ఇంతకన్నా హాయైన బండి నేను నడపలేదు. సిగ్నల్స్ దగ్గర ఆగి కదిలేటప్పుడు కుదుపు ఉండదు, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి వస్తుంది. అన్నిటికన్నా సుఖం ట్రైలర్ రివర్స్ చేయడంలో ఉంది. హాలు వెనక లోడింగ్ డాక్‌కి అంగుళం అంగుళం జరపాలంటే పెట్రోలు బండిలో బ్రేకు మీద కాలు, యాక్సిలరేటరు మీద మనసు. ఇందులో నడక వేగంలో సగానికి కూడా సాఫీగా వెళ్తుంది. మా బావమరిది మొదటిసారి వెనక్కి పెట్టి దిగి, "బావా, ఇంక పాత బండి తాళాలు నాకివ్వకు" అన్నాడు.

రాత్రి ఇంటికొచ్చి గరాజ్‌లో ప్లగ్ పెడతాం. 240 వోల్టులు, 48 ఆంపులు, అంటే గంటకు పదకొండున్నర యూనిట్లు. మన ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్టే ఇదీ, అందుకే ఈ డైరీ అంతా యూనిట్లలోనే రాస్తాను. బ్యాటరీ 131 యూనిట్లు. అడుగంటి వచ్చినా తెల్లారేసరికి పనికి సరిపడా నిండుతుంది.

మార్చి

ఆస్టిన్ పెళ్లి. అసలు పరీక్ష ఇప్పుడు మొదలైంది.

ఖాళీ బండిగా ఈ ట్రక్కుకి ఈపీఏ, అంటే అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ, ఇచ్చిన రేంజ్ 320 మైళ్లు. హైవే మీద ట్రైలర్ లేకుండా మాకు యూనిట్‌కి రెండు మైళ్ల పైన వస్తుంది. మూసిన ట్రైలర్ తగిలించి 65 మైళ్ల వేగంతో వెళ్తే యూనిట్‌కి ఒక మైలు. సగానికన్నా తక్కువ. ఆ రోజు దక్షిణపు గాలి ఎదురుకొట్టింది, ఒక మైలు కూడా రాలేదు, 0.8 దగ్గర తిరిగింది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే 1.2 వచ్చింది.

లెక్క సులువే. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. మనం 65లో వెళ్తుంటే ఎదురుగా 20 మైళ్ల గాలి ఉంటే, బండికి అది 85 కింద లెక్క. 85ని 65తో భాగించి వర్గం చేస్తే 1.71, అంటే గాలి అడ్డు 71 శాతం ఎక్కువ. టెక్సస్‌లో వసంతకాలం అంటేనే దక్షిణపు గాలి, ఐ-35 మీద ఆస్టిన్ వెళ్లేవాళ్లకి సరిగ్గా మొహం మీదే. ఇప్పుడు బయల్దేరేముందు వానకన్నా ముందు గాలి చూస్తున్నాను.

దీన్ని రూఢి చేసుకోవాలని ఇంకో ప్రయోగం చేశాం. తెలిసినవాళ్ల దగ్గర ఒక ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ అడిగి తెచ్చి, దాని మీద అంతే బరువుకి బల్లలు, స్టేజీ చెక్కలు తక్కువ ఎత్తులో పరిచి, టార్పాలిన్ బిగించి, గాలి లేని ఉదయం పూట షెర్మన్ వరకు వెళ్లొచ్చాం. అదే రోడ్డు, అదే 65. యూనిట్‌కి ఒకటిన్నర మైలు వచ్చింది. బరువు సమానం, తేడా అంతా ఎత్తులో. మూసిన ట్రైలర్ లాగడమంటే ఏడడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున్న తలుపు పలకను గాలికి అడ్డంగా పట్టుకుని పరిగెత్తడం. బరువు పెరిగితే ఎత్తు ఎక్కేటప్పుడు కరెంటు ఎక్కువ తాగుతుంది, దిగేటప్పుడు కొంత వెనక్కిస్తుంది. గాలికి ఇచ్చింది మాత్రం తిరిగి రాదు.

వేగం సంగతీ అంతే. 75 నుంచి 65కి తగ్గితే గాలి అడ్డు నాలుగో వంతు తగ్గుతుంది. పైగా సైడ్‌వాల్ మీద వేగం తెలిపే అక్షరం లేని ట్రైలర్ టైర్లకి సాధారణంగా 65 మైళ్లే హద్దు. 75 లిమిట్ ఉన్న రోడ్డు మీద కుడి లేన్ పట్టుకుని 62లో వెళ్లడానికి ఓర్పు కావాలి, అంతకన్నా ఇంకేం అక్కర్లేదు.

మరి పెట్రోలు బండికి ఈ గాలి లేదా అని మా అన్నయ్య అడిగాడు. ఉంది. దానికీ మైలేజీ సగమవుతుంది. కానీ ఒక గాలన్ పెట్రోలులో 33.7 యూనిట్ల శక్తి ఉంటుందని ఈపీఏ లెక్క. అంటే నా 131 యూనిట్ల బ్యాటరీలో ఉన్నది నాలుగు గాలన్ల లోపు పెట్రోలు. పాత బండి ట్యాంకు 26 గాలన్లు. పెట్రోలు ఇంజన్ చాలా భాగాన్ని వేడి కింద పారేస్తుంది, మోటారు దాదాపు పారేయదు, అందుకే నాలుగు గాలన్లంత శక్తితో 320 మైళ్లు వెళ్తుంది. ట్రైలర్ తగిలించినప్పుడు ఆ పొదుపులోంచే గాలికి కట్టాలి, వెనక పెద్ద నిల్వ లేదు. కరెంటు బండి బలహీనమైంది కాదు, దాని ట్యాంకు చిన్నది. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

ఏప్రిల్

ఈ నెల రాయాల్సింది చాలా ఉంది, ఎందుకంటే ఈ బండి మా పనికి ఎందుకు కావాలో నాకు పూర్తిగా అర్థమైంది ఇప్పుడే.

సెలైనా అవతల పొలాల మధ్య ఒక బార్న్ వేదిక. తెల్లవారుజాము ముహూర్తం. మండపం బయట పచ్చిక మీద వేయమన్నారు, హాలు నుంచి కరెంటు లాగాలంటే చాలా దూరం. ఇదివరకైతే ఇలాంటి చోటికి జనరేటరు అద్దెకి తెచ్చేవాళ్లం. అది మండపానికి ఎంత దూరంలో పెట్టినా పంతులుగారి మంత్రాల వెనక ఆ గుడగుడ వినిపిస్తూనే ఉండేది, వీడియోలో ఇంకా ఎక్కువ వినిపించేది. డబ్బిచ్చి తెచ్చి, పెట్రోలు పోసి, అర్ధరాత్రి ఒకడు దాని దగ్గరే కాపలా.

ఈ బండిలో 9.6 కిలోవాట్ల ప్రో పవర్ ఉంది, అంటే బండి బ్యాటరీ నుంచే బయటికి కరెంటు ఇచ్చే ఏర్పాటు. వెనక బెడ్‌లో నాలుగు మామూలు పాయింట్లు, ఒక నాలుగు పిన్నుల 240 వోల్టుల 30 ఆంపుల పాయింటు, వీటన్నిటికీ కలిపి 7.2 కిలోవాట్లు. మిగతా 2.4 ముందు బానెట్ కింద ఇంజన్ లేని చోట ఉండే డిక్కీలో, క్యాబిన్‌లో. 240 పాయింటుకి మా డిస్ట్రిబ్యూషన్ బాక్సు తగిలించి, అక్కణ్ణుంచి మండపం లైట్లు, మైకు, స్పీకర్లు ఇచ్చాం. కాఫీ కాచే పెద్ద కరెంటు పాత్ర, కాఫీ అర్న్‌ని, బానెట్ కింది పాయింటుకి పెట్టాం, ఎందుకంటే అది ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. చట్నీకి మిక్సీ వేసుకోవాలి, ఒక పాయింటు ఇవ్వగలరా అన్నా అని కేటరింగ్ అబ్బాయి వచ్చాడు, అదీ ఇచ్చాం.

మొదటి గంటలో ఒకసారి కరెంటు పోయింది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్, జీఎఫ్‌సీఐ, బండిలో ట్రిప్ అయింది, స్క్రీన్ మీద చూపించింది. బావమరిది టార్చి వేసుకుని వైరు వెంట నడుచుకుంటూ వెళ్లి చూస్తే, రెండు ఎక్స్‌టెన్షన్లు కలిసిన చోట ప్లగ్ మంచు పట్టిన గడ్డిలో పడుంది. తుడిచి, ఒక ఖాళీ ప్లాస్టిక్ క్రేటు బోర్లించి దాని మీద పెట్టి, రీసెట్ నొక్కితే వచ్చేసింది. అప్పట్నుంచి ప్రతి జాయింటూ క్రేటు మీదే. నీళ్లు పడే అవకాశం ఉన్నచోట వాటర్‌ప్రూఫ్ కవర్లు కూడా కొన్నాం, చౌకే.

తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా నడిస్తే సుమారు 20 యూనిట్లు అయ్యాయి. బ్యాటరీలో 15 శాతం. ఇంటికి ఎంత మైలేజీ కావాలో చూసి, అంతకన్నా కిందికి దిగకుండా ఆపేయమని ముందే సెట్ చేసుకోవచ్చు. మంగళసూత్రధారణ అప్పుడు మేళం తప్ప ఇంకో చప్పుడు లేదు. పెళ్లికూతురి తాతగారు, గుంటూరాయన, కార్యక్రమం అయ్యాక నా దగ్గరికొచ్చి "కరెంటు ఎక్కణ్ణుంచి లాగావు బాబూ, వైరు కనపడలేదే?" అన్నారు. బండి చూపిస్తే చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తించి లోపల కాఫీ అర్న్ చూసి చాలాసేపు మాట్లాడారు.

ఇప్పుడు బయట వేసే మండపాలకి జనరేటరు ఖర్చు కోట్‌లోంచి తీసేశాం. దానివల్లే పనులు పెరిగాయి. ట్రైలర్ లాగే బండి అని కొన్నాం, జనరేటరుగా ఇంత పనికొస్తుందని తెలిసుంటే ఇంకా ముందే కొనేవాళ్లం.

మే

పేర్‌లాండ్ మీనాక్షి గుడి దగ్గర పెళ్లి. ఫ్రిస్కో నుంచి 280 మైళ్ల దాకా ఉంటుంది, ఐ-45 మీద. వందశాతం నింపుకుని బయల్దేరాం. కోర్సికానా, మాడిసన్‌విల్, స్ప్రింగ్, మూడు చోట్ల ఆగే ప్లాను. 2024 ఫిబ్రవరి చివర్నుంచి ఫోర్డ్ బండ్లు అడాప్టరుతో టెస్లా కంపెనీ ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లు, సూపర్‌చార్జర్లు, కూడా వాడుకోవచ్చు కాబట్టి స్టేషన్లకి కొరత లేదు. సమస్య అది కాదు. ఆ స్టేషన్లలో దాదాపు అన్నీ కార్లు పార్కింగ్ గీతల మధ్య పెట్టుకోవడానికి కట్టినవి, పెట్రోలు బంకులా ఒకవైపు దూరి ఇంకోవైపు బయటికెళ్లేలా ఉండవు. ట్రైలర్ ఉంటే విప్పాల్సిందే.

విప్పడం అంటే ఏంటో తెలియనివాళ్లకి: ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. టంగ్ జాక్ తిప్పి ట్రైలర్ మూతితో పాటు ట్రక్కు వెనకభాగం కూడా కాస్త లేచేదాకా ఎత్తాలి, అప్పుడే స్ప్రింగ్ బార్ల మీద టెన్షన్ వదులై అవి బయటికొస్తాయి, లేకపోతే ఊడినప్పుడు మోకాలు పగులుతుంది. బార్లు తీసి, మళ్లీ కిందికి దింపి, కప్లర్ గొళ్లెం తీసి, ఏడు పిన్నుల వైరు, బ్రేక్‌అవే తాడు, రెండు గొలుసులు విప్పి, మళ్లీ ఎత్తి, ట్రక్కుని ముందుకు జరపాలి. చార్జింగ్ అయ్యాక ఇదంతా తిరగేసి చేయాలి, లైట్లు, బ్రేకులు మళ్లీ చెక్ చేయాలి. విప్పడానికో పావుగంట, తగిలించడానికో పావుగంట. ఆ ట్రైలర్‌లో ఉన్నది మా పెట్టుబడి అంతా, అందుకే కప్లర్‌కి తాళం వేసి ఒకడు అక్కడే కూర్చోవాలి.

ఒక స్టేషన్లో సగం పాయింట్లు పనిచేయడం లేదు, మిగతావాటికి క్యూ. ఇంకోచోట కేబుల్ పొట్టిది. లైట్నింగ్ చార్జింగ్ పోర్టు డ్రైవరు వైపు ముందు చక్రానికి, తలుపుకి మధ్య ఉంటుంది, ఆ కేబుల్ అందాలంటే పక్క గడి కూడా ఆక్రమించాలి. అందరూ వెళ్లిపోయాక రాత్రిపూట ట్రైలర్‌తో సహా నాలుగైదు గడులకి అడ్డంగా ఆపి పెట్టుకునేవాళ్లని చూశాను, నాకది ఇష్టం లేదు, ఎవరో పిల్లలతో అర్ధరాత్రి పది శాతంతో వచ్చి నిలబడితే వాళ్ల గతేంటి.

ఈ బండి గరిష్ఠంగా 150 కిలోవాట్ల దగ్గర తీసుకుంటుంది. 15 నుంచి 80 శాతానికి నలభై నిమిషాలని కంపెనీ లెక్క, మాకూ అటూ ఇటూ అంతే. కానీ ట్రైలర్‌తో 80 సరిపోదు, తర్వాతి స్టేషన్ అందాలంటే 90 దాటాలి, ఆ చివరి పది పదిహేను శాతం నత్తనడక. మొత్తం మీద నాలుగున్నర గంటల దారి ఎనిమిది గంటలు దాటింది. ముందురోజు ఉదయమే బయల్దేరాం కాబట్టి పెళ్లివాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు, సాయంత్రానికల్లా స్తంభాలు నిలబెట్టేశాం. కానీ ఇద్దరు మనుషుల ఒక పూట కూలి రోడ్డు మీద పోయింది.

హ్యూస్టన్ పనులకి ఇకమీదట పెట్రోలు ట్రక్కు అద్దెకి తీసుకుందామని నిర్ణయించాం. నా ఉద్దేశంలో ఇది బండి లోపం కన్నా రోడ్డు పక్కన కట్టినవాళ్ల లోపం. ట్రైలర్‌తో సహా దూరిపోయే చార్జర్లు కొత్త స్టేషన్లలో అక్కడక్కడ వస్తున్నాయి, ఐ-45 మీద వాటిని నమ్ముకుని ముహూర్తం ఒప్పుకునే రోజు వస్తే అప్పుడు చూద్దాం.

జూలై

డబ్బు లెక్క, 2025 జూలై ధరల్లో. ట్రైలర్‌తో 100 మైళ్లకి.

ఇంట్లో చార్జింగ్: బ్యాటరీ నుంచి 100 యూనిట్లు, చార్జింగ్‌లో పోయేది కలుపుకుంటే మీటరు మీద 110. మా ప్లాన్‌లో యూనిట్ 14 సెంట్లు, 15 డాలర్లు పడుతుంది. పాత పెట్రోలు బండి ఇదే ట్రైలర్‌తో గాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇచ్చేది. 11 గాలన్లు, గాలన్ 2.80 చొప్పున 31 డాలర్లు. ఇక హైవే ఫాస్ట్ చార్జర్లలో యూనిట్ 45 నుంచి 60 సెంట్ల దాకా తీసుకున్నారు, అంటే 45 నుంచి 60 డాలర్లు. ఇంట్లో నింపితే పెట్రోలులో సగం, రోడ్డు మీద నింపితే పెట్రోలుకి ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. కరెంటు బండి చౌకా ఖరీదా అని ఎవరైనా అడిగితే నేను ముందు వాళ్ల రోజువారీ దూరం అడుగుతాను.

మిగతా ఖర్చులు: టెక్సస్‌లో కరెంటు బండికి రిజిస్ట్రేషన్‌తో పాటు ఏడాదికి అదనంగా 200 డాలర్లు కట్టాలి, 2023 సెప్టెంబరు నుంచి. ఇన్సూరెన్స్ కమర్షియల్ పాలసీకి మార్చాం, సొంత కారు పాలసీ మీద అద్దె సామాను లాగితే క్లెయిమ్ అప్పుడు చేతులెత్తేస్తారు. టైర్లు త్వరగా అరుగుతున్నాయి, బరువు, టార్క్ రెండూ దానికి కారణం. ఇంజన్ ఆయిల్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఖర్చు లేదు.

విజయవాడలో మా చిన్నాన్న కొడుకు టాటా ఏస్ ఈవీ నడుపుతాడు, వన్‌టౌన్ నుంచి షాపులకి సరుకు వేస్తాడు. 2022లో వచ్చిన మోడల్, 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల సరుకు. ఫోన్లో లెక్కలు చెప్పుకుంటే ఇద్దరిదీ ఒకే మాట. వాడు రోజూ తిరిగి రాత్రికి ఇంటికొస్తాడు, ప్లగ్ పెడతాడు, లాభం. ఎవరో ఏలూరు కిరాయి ఒప్పుకోమంటే "వద్దన్నా, తిరిగి రావడానికి ఎక్కడ పెట్టాలో తెలియకుండా ఎలా ఒప్పుకుంటాను" అన్నాడట.

ఎండల సంగతి: నూట మూడు, నూట నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్‌లో కూడా లాగడంలో తేడా కనిపించలేదు. ఫాస్ట్ చార్జింగ్ అప్పుడు కూలింగ్ ఫ్యాన్లు గట్టిగా తిరుగుతాయి, అంతే.

సెప్టెంబర్

ఓక్లహోమా సిటీ దగ్గర ఎడ్మండ్‌లో గృహప్రవేశం, పెద్ద పందిరి. దూరం కన్నా ముందు కాగితాలు చూడాల్సి వచ్చింది, ఇది చాలామంది మనవాళ్లకి తెలియదు. టెక్సస్ లోపల తిరిగేంతవరకు మా సైజు బండికి మోటార్ క్యారియర్ రిజిస్ట్రేషన్, అంటే సరుకు రవాణా వ్యాపారంగా నమోదు, అక్కర్లేదు, ఆ హద్దు 26,000 పౌండ్లు. టెక్సస్, ఓక్లహోమాల సరిహద్దు రెడ్ రివర్ వంతెన దాటితే అది రెండు రాష్ట్రాల మధ్య వ్యాపారం, అప్పుడు హద్దు 10,001 పౌండ్లు. లెక్కపెట్టేది ఆ రోజు మోసిన బరువు ఒక్కటే కాదు, ట్రక్కు, ట్రైలర్ రెండిటి అనుమతి బరువులు కలిపి కూడా చూస్తారు. మా ట్రక్కు ఎనిమిది వేల పైన, ట్రైలర్ ఏడు వేలు, ఖాళీగా వెళ్లినా దాటుతుంది. కాబట్టి అమెరికా రవాణా శాఖ ఇచ్చే నంబరు, యూఎస్ డాట్ నంబరు, తీసుకుని తలుపు మీద వేయించాం, డ్రైవరుకి మెడికల్ సర్టిఫికెట్ చేయించాం. పెట్రోలు పికప్పుకీ ఇదే రూలు. కాకపోతే బ్యాటరీ వల్ల కరెంటు పికప్పులు బరువెక్కువ, చిన్న ట్రైలర్‌తోనే ఈ హద్దు తగులుతుంది.

ఆ పనికి ఫ్లాట్‌బెడ్ మీద తక్కువ ఎత్తులో లోడు కట్టుకుని వెళ్లాం. దాదాపు రెండు వందల మైళ్ల దారికి మధ్యలో ఒక్క చోటే ఆగాం. మూసిన ట్రైలర్ అయితే రెండు చోట్ల ఆగాల్సింది.

డిసెంబర్

పూర్తి కరెంటు లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ ఈ నెల, 2025 డిసెంబరులో, ప్రకటించింది. దీని తర్వాత వచ్చే బండిలో చక్రాలు తిప్పేది మోటారే, కానీ బ్యాటరీ నింపడానికి లోపల ఒక పెట్రోలు జనరేటరు ఉంటుందట, 700 మైళ్ల పైన వెళ్తుందంటున్నారు. ఈ కబురు విని మా బండి రీసేల్ ఏమవుతుందో అని బావమరిదికి కాస్త టెన్షన్ పట్టుకుంది. నాకైతే ఆ కొత్త డిజైన్ హ్యూస్టన్ దారికి సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది, లాగే బలం మోటారుది, దూరం పెట్రోలుది. కానీ మా పనుల్లో ఎక్కువ భాగం ఇంటికి ముప్పై మైళ్ల లోపే. ఇప్పుడున్నది అమ్మే ఆలోచన లేదు.

వేరే కంపెనీల కరెంటు పికప్పుల్లో రివియన్ ఆర్1టీ, టెస్లా సైబర్‌ట్రక్ 11,000 పౌండ్లు లాగుతాయి, సిల్వరాడో ఈవీలో 200 యూనిట్ల పైన బ్యాటరీ పెట్టిన మోడళ్లున్నాయి, అదైతే పేర్‌లాండ్‌కి మూడు ఆగుళ్లు ఒకటో రెండో అవుతాయి. రెండో బండి కొనాల్సి వస్తే ముందు దాన్నే చూస్తాం.

అంతకన్నా ముందు చేయాల్సింది ట్రైలర్ మార్చడం. బండికి పెట్టే డబ్బులో చిన్న భాగంతో రేంజ్ పెంచుకునే దారి ఇదొక్కటే. స్తంభాలన్నీ ఎనిమిదడుగులవి కాబట్టే ఎత్తైన ట్రైలర్ కొన్నాం, వాటిని నిలబెట్టి పెట్టేవాళ్లం. మెకిన్నీలో వెల్డింగ్ షాపులో మాట్లాడి కొత్త స్తంభాలు రెండు ముక్కలుగా, మధ్యలో బోల్టు జాయింటుతో చేయించడానికి కొలతలిచ్చాం. అవి నిలబెట్టినా నాలుగడుగుల ఎత్తులో ఇమిడిపోతాయి. మాఘమాసం ముహూర్తాలకి ముందు మొదటి సెట్టు వస్తుంది. ఫ్లాట్‌బెడ్ కొనడానికి అడ్వాన్స్ ఇచ్చేశాం, దానికి పక్క తడకలు, టార్పాలిన్ ఫ్రేము మేమే కట్టుకుంటాం. షెర్మన్ రోడ్డు మీద గాలి లేని ఉదయం చూసుకుని, అదే 65లో, యూనిట్‌కి ఎంతొచ్చిందో తర్వాతి భాగంలో రాస్తాను.